చెంబుల కార్డుల లెక్క

మొన్న సెలవులకు వచ్చిన మా మనవరాలు, భోజనమయ్యాక వసారాలో నా మంచం పక్కన కూర్చుని, వాళ్ళ ఆఫీసు మీద తెగ విసుక్కుంది. పుణెలో ఏదో పెద్ద కంపెనీలో దానికి ఉద్యోగం. ఏడాదికోసారి ఉద్యోగుల చేత ప్రశ్నల కాగితాలు నింపించి, పని పట్ల వాళ్ళ మనసు ఎంతవరకు లగ్నమై ఉందో లెక్కగట్టి, ఒక్కొక్క విభాగానికి ఇన్ని మార్కులని ప్రకటిస్తారట. ఈసారి అందరి మార్కులూ వచ్చాయి గాని వీళ్ళ జట్టువి రాలేదు. అడిగితే, మీరు ఏడుగురే ఉన్నారు, పదిమందికి తక్కువ ఉన్నచోట విడిగా చూపించం, అది నియమం అన్నారట. ఇంత శ్రద్ధగా నింపితే మా లెక్క మాకు చూపించకపోవడమేమిటి, ఈ నియమం ఏ తెలివితక్కువవాడు పెట్టాడు నానమ్మా అని అది అడిగింది. దాని కంపెనీలో ఎవరు పెట్టారో నాకు తెలియదు. కాని అలాంటి నియమం ఒకటి, ఇదే నాందేడులో, నేను చేసిన ఒక పొరపాటు వల్ల పుట్టింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు.

అవి యుద్ధం జరుగుతున్న రోజులు. మన ఈడువాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. ధాన్యం కోసం వరుసల్లో నిలబడటం, కిరసనాయిలు దొరక్కపోవడం, పటాలాలతో నిండిన రైళ్ళు స్టేషనులో ఆగకుండా వెళ్ళిపోవడం అందరం చూసినవే. సైన్యానికి బట్ట కావాలని ఊళ్ళోని బట్టల మిల్లు రాత్రింబవళ్ళు నడిచేది. మా వారు ఆ మిల్లులో హాజరు రాసే గుమాస్తా. మేము వజీరాబాదు వైపు ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. ఇంట్లో మా అత్తగారు, మా వారు, నేను. మాట్లాడుకునేది తెలుగు, గుమ్మం దాటితే మరాఠీ, దఫ్తరు కాగితాల్లో ఉర్దూ. మా పుట్టిల్లు ధర్మాబాదు దగ్గర కర్ఖేలి. మా నాన్నగారు పట్టుబట్టి నన్ను ఏడో తరగతిదాకా చదివించారు కాబట్టి మూడు భాషలూ చదవడం, రాయడం వచ్చేది. ఆ రోజుల్లో ఆడపిల్లకు అదే ఎక్కువ.

ఆ ఏడాది మిల్లుకు ఒక కొత్త లేబర్ ఆఫీసరు వచ్చాడు. బొంబాయిలో చదివినవాడు, సన్నటి మనిషి, ఎవరితో మాట్లాడినా ముందు ఒక క్షణం తల వంచేవాడు. పనివాళ్ళు ఎందుకు మానేసి పోతున్నారు, ఉన్నవాళ్ళు ఎందుకు మనసుపెట్టి పనిచేయడం లేదు అని మేనేజరు ఆయన్ను అడిగితే, నన్ను అడిగితే ఏం లాభం, వాళ్ళనే అడుగుదాం అన్నాడట. అడగటం అంటే ఊరికే అడగటం కాదు, ప్రశ్నలు రాసి, జవాబులకు మార్కులు వేసి, లెక్కగట్టాలని ఆయన ఉద్దేశం. కాని మిల్లులో ఆడవాళ్ళు చాలామంది ఉండేవారు. వాళ్ళు మగ గుమాస్తా ముందు నోరు విప్పరు. అందుకని చదువుకున్న ఆడమనిషి ఎవరైనా దొరుకుతారా అని ఆయన మా వారిని అడగడం, మా వారు కాస్త తటపటాయించి నా పేరు చెప్పడం జరిగింది.

మిల్లులో కోడలికి పని అంటే అత్తగారు ఒప్పుకోదనే మేమిద్దరం అనుకున్నాం. ఆవిడ రొట్టెలు కాల్చడం ఆపకుండానే అంతా విని, “నూలు వడుకుడా, కాయితాలు రాసుడా?” అని ఒక్క మాట అడిగింది. కాగితాలేనని చెప్పాను. “అయితే పో. చదివిన చదువు పొయ్యిల పెడ్తమా ఏంది?” అంది. అంతే, మరునాటినుంచి నేను బోంగా కూయగానే చీర కొంగు నిండుగా కప్పుకుని మా వారి వెనకాల పది అడుగుల దూరంలో నడిచి మిల్లుకు పోయేదాన్ని. బోంగా అంటే మిల్లు కూత. ఊరంతా దాన్నిబట్టే పొయ్యి రాజేసేది.

ప్రశ్నలు మొత్తం పది. మీకు తాగేందుకు చల్లటి నీళ్ళు దొరుకుతున్నాయా, మీ కష్టం పైవాళ్ళకు చెప్పుకోగలరా, మీ ముకాదం మీతో మర్యాదగా మాట్లాడతాడా, మీ చెల్లెలినో తమ్ముడినో ఈ మిల్లులో పనికి రమ్మంటారా, ఇలాంటివి. ముకాదం అంటే ఒక్కొక్క ఖాతాలో, అంటే ఒక్కొక్క విభాగంలో, పనివాళ్ళమీద ఉండే పెద్ద. పనిలో పెట్టుకునేదీ తీసేసేదీ ఆ రోజుల్లో నిజానికి అతనే. జవాబు అవును, కాదు అని రెండే ఉంటే చాలదు, మధ్యలో మెట్లు ఉండాలి, మొత్తం అయిదు మెట్లు అన్నాడు ఆఫీసరు. కాని చదువు రానివాళ్ళకు అయిదు మెట్లు చూపించడం ఎలా? ఆయన కాగితం మీద నిచ్చెన గీశాడు, ఆడవాళ్ళకు అది బోధపడలేదు. అప్పుడు నేను, చెంబు గీస్తే అని భయపడుతూనే అన్నాను. ఖాళీ చెంబు, పావు చెంబు, సగం, ముప్పావు, నిండు చెంబు. ఆ మాట ఆయనకు ఎంత నచ్చిందంటే, అప్పటికప్పుడే అచ్చాఫీసుకు మనిషిని పంపించాడు. ప్రతి ప్రశ్నకూ ఒక వరుసలో అయిదు చెంబులు, అలాంటి వరుసలు పది. కార్డు మీద ఖాతా పేరు తప్ప మనిషి పేరు ఉండదు. వేలిముద్ర వేయిద్దామని మేనేజరు అంటే, వేలిముద్ర మనిషిని పట్టిస్తుంది, వద్దు అని, చీపురు పుల్ల నీలిమందులో ముంచి చుక్క పెట్టే పద్ధతి పెట్టించాడు. ఎవరు పెట్టినా చుక్క ఒకటే.

ఒక గదిలో తెర కట్టి, ఇవతల నేను కూర్చుని ప్రశ్న చదివేదాన్ని, అవతల ఆవిడ చుక్క పెట్టి, పదీ అయ్యాక కార్డు మడిచి మూత బిగించిన డబ్బా సందులోంచి లోపల వేసేది. తెలుగువాళ్ళకు తెలుగులో, మరాఠీవాళ్ళకు మరాఠీలో, ఉర్దూ మాట్లాడేవాళ్ళకు వాళ్ళ మాటలో. మగవాళ్ళను ఇంకో గదిలో ఒక గుమాస్తా ఇలాగే అడిగేవాడు. మిల్లులో నాకు చెంబుల బాయి అనే పేరు వచ్చింది. కొందరు గౌరవంగానే అనేవారు.

ఇక లెక్క సంగతి. ఖాళీ చెంబుకు ఒక మార్కు, నిండు చెంబుకు అయిదు. ఒక ప్రశ్నకు వచ్చిన మార్కులన్నీ కూడి మనుషుల సంఖ్యతో భాగించాలి. ఇది విని, ఇంతేనా అనుకున్నాను. మొదటి రోజే తప్పు చేశాను. కండెలు చుట్టే ఖాతాలో అరవైమంది ఆడవాళ్ళు. కష్టం పైవాళ్ళకు చెప్పుకోగలరా అన్న ప్రశ్నకు మొత్తం నూట యాభై మార్కులు వచ్చాయి, అరవైతో భాగించి రెండున్నర అని రాశాను. ఆఫీసరు కార్డులు తిరగేసి, వీళ్ళలో పదిమంది ఆ వరుసలో అసలు చుక్కే పెట్టలేదు కదా, జవాబివ్వని వాళ్ళను ఎందుకు కలిపావు అని అడిగాడు. యాభైతో భాగిస్తే మూడు. ఊరుకున్నవాళ్ళు ఖాళీ చెంబు చూపించినట్టు కాదు, నిండు చెంబు చూపించినట్టూ కాదు. వాళ్ళను భాగహారంలోంచి తీసేయాలి, కాని ఎంతమంది ఊరుకున్నారో పక్కన రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే ఒకే ప్రశ్న దగ్గర పదిమంది ఆగిపోయారంటే ఆ ప్రశ్న దగ్గర ఏదో ఉందన్నమాట, అన్నాడు.

ఇంకోటి చెప్పాడు. ఒక ఖాతాలో అందరూ సగం చెంబు మీద చుక్క పెడితే సగటు మూడు. ఇంకో ఖాతాలో సగంమంది నిండు చెంబు మీద, సగంమంది ఖాళీ చెంబు మీద పెట్టినా సగటు మూడే. కాని రెండూ ఒకటేనా? మొదటిచోట ఎవరికీ ఏమీ పట్టలేదు, రెండోచోట ఇంట్లో రెండు పొయ్యిలు వెలుగుతున్నాయి. అందుకని సగటుతో పాటు, పై రెండు చెంబుల మీద పెట్టినవాళ్ళు నూటికి ఎందరు, కింది రెంటి మీద పెట్టినవాళ్ళు ఎందరు అని కూడా రాయాలి. ముప్పావు, నిండు కలిపి తృప్తి. ఖాళీ, పావు కలిపి అసంతృప్తి. సగం చెంబు వాళ్ళు ఎటూ కారు.

పది ప్రశ్నల్లో ఒకటి మాత్రం తిరగేసినది. ఈ మిల్లు వదిలి వేరేచోటికి పోవాలనిపిస్తుందా అని. అక్కడ నిండు చెంబు అంటే మంచి కాదు, చెడు. ఆ ఒక్క వరుసలో వచ్చిన మార్కును ఆరులోంచి తీసి రాసుకోవాలి, అయిదుకు ఒకటి, ఒకటికి అయిదు. నేను రెండు రోజులపాటు ఆ సంగతే మరిచిపోయి మార్కులు కూడేశాను. మా వారు భోంచేస్తూ ఆ కాగితం చూసి, మిల్లు వదిలి పోవాలనుకునేవాళ్ళంతా మీ లెక్కలో సంతోషంగా ఉన్నారే అని నవ్వేదాకా నాకు తట్టలేదు. ఆయన నా పనిని మెచ్చుకున్నదీ తప్పుపట్టిందీ కలిపి ఆ ఒక్కసారే.

మొత్తం మిల్లుకు ఒకే సంఖ్య కావాలని, హైదరాబాదులో ఉన్న పెద్దలకు పంపాలని మేనేజరు పట్టుబట్టాడు. నేను ఒక్కొక్క ఖాతా మార్కులు కూడి ఖాతాల సంఖ్యతో భాగించబోతే ఆఫీసరు ఆపి పలక తీసుకున్నాడు. ఒకచోట పదిమంది, వాళ్ళలో ఎనిమిదిమందికి తృప్తి. ఇంకోచోట ఇద్దరే, ఇద్దరికీ తృప్తి లేదు. ఒకటి ఎనభై, ఒకటి సున్న, నడిమికి నలభై అంటావా? మొత్తం పన్నెండుమందిలో ఎనిమిదిమందికి తృప్తి ఉంది కదా, అంటే మూడింట రెండు వంతులు. నువ్వు చెప్పినట్టు చేస్తే ఇద్దరు మనుషులు పదిమందితో సమానమైపోయారు. అందరి కార్డులూ ఒకే కుప్పగా పోసి లెక్క చూడాలి. ఆ తర్వాత దాన్ని నూటికి మార్చేచోట మేనేజరుకూ ఆయనకూ చిన్న వాదం జరిగింది. సగటు మూడు వస్తే అయిదింట మూడు, అంటే అరవై అని మేనేజరు. అలాగైతే అందరూ ఖాళీ చెంబే చూపించినా మిల్లుకు ఇరవై మార్కులు ఊరికే వస్తాయి, ముందు ఒకటి తీసేసి మిగిలినదాన్ని నాలుగుతో భాగించాలి, అప్పుడు మూడుకు యాభై అని ఆఫీసరు. మేనేజరుకు అరవై నచ్చింది. అరవయ్యే హైదరాబాదు వెళ్ళింది.

ఇదంతా నాకు ఎంతో ఇష్టంగా ఉండేది. దాచడమెందుకు, గర్వంగా కూడా ఉండేది. నా దస్తూరీ బాగుంటుందని అందరూ అనేవారు. ఆఫీసరు ఏదో పనిమీద వారం రోజులు హైదరాబాదు వెళ్ళినప్పుడు మేనేజరు నన్ను పిలిపించి, ఖాతాలవారీగా పట్టిక రాసి ప్రతులు తీయమన్నాడు, ఏ ముకాదం దగ్గర ఏం నడుస్తోందో ముకాదాలకే తెలియాలి కదా అన్నాడు. అది సబబుగానే తోచింది. ఆఫీసరు వచ్చేదాకా ఆగుదామని నాకు తట్టలేదని అబద్ధం చెప్పను. తట్టింది, కాని ఆయన వచ్చేసరికి ముత్యాల్లాంటి అక్షరాలతో పట్టిక తయారుగా ఉంటే మెచ్చుకుంటాడని కూడా తట్టింది. రెండు రోజులు కూర్చుని ఎర్రసిరాతో గీతలు గీసి, నల్లసిరాతో అంకెలు వేసి, అన్ని ఖాతాలూ వరుసగా రాశాను. చివరి వరుస పత్తి చెత్త ఏరే గది. అందులో ఉండేది ఆరుగురే ఆడవాళ్ళు. ముకాదం మర్యాదగా మాట్లాడతాడా అన్న ప్రశ్న కింద సగటు నాలుగూ మూడో వంతు అని, తృప్తి ఉన్నవాళ్ళు అయిదుగురు, లేనివాళ్ళు ఒకరు అని రాశాను. మంచి మార్కులే వచ్చాయి ఆ గదికి, అనుకున్నాను కూడా. అక్కడే మా చిన్నమ్మ పనిచేస్తోందన్న సంగతి నాకు గుర్తురాకపోలేదు. సంతోషించాను.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లలను తీసుకుని కర్ఖేలి నుంచి నాందేడు వచ్చి, మిల్లులో చేరింది. ఆ గదిలో దూది దుమ్ము పొగలాగా లేచేది. ముక్కుకు గుడ్డ కట్టుకుని పొద్దంతా కూర్చుని చెత్త ఏరాలి. చిన్నమ్మ గట్టిగా మాట్లాడే మనిషి. నీళ్ళు లేవంటే నీళ్ళు లేవని ముకాదం మొహం మీదే అనేది. మిగతావాళ్ళు తలవంచుకుని ఏరుకునేవాళ్ళు.

పట్టిక ముకాదాల చేతికి వెళ్ళిన రెండో రోజు, వారపు సెలవు నాడు, మధ్యాహ్నం చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. వస్తే ఎప్పుడూ వంటింటిదాకా వచ్చే మనిషి, ఆ రోజు గడప దగ్గరే కూర్చుంది.

“పనిలకెల్లి తీసేసిండు బిడ్డా. రేపటిసంది రావద్దన్నడు ముకాదం,” అంది.

ఎందుకని అడిగాను.

“ఆరుగుర్ల ఒకరు ఆయన మీద చెడ్డగ చెప్పిండ్రట. ఆ కాయితం చేతుల పట్టుకోని అచ్చిండు. అందరి మొఖాలు చూసిండు, చూసి నన్ను లెవ్వుమన్నడు. నోరున్నదాన్ని నేనే గద.”

ఆ కాగితం నాదే, ఆ అంకె నాదే. మనసులో ఉన్నదే అన్నాను, “చిన్నమ్మా, నువ్వు ధైర్నంగ ఖాళీ చెంబు మీద పెట్టినవ్. ఎవరూ చెయ్యని పని చేసినవ్...”

చిన్నమ్మ నా వైపు చూసి, కొంగుతో మొహం తుడుచుకుంది. “నేను పెట్టలే బిడ్డా. నిండు చెంబు మీదనే పెట్టిన. పిల్లలున్నరు, ఎందుకచ్చిన పంచాయితి అని భయపడి పెట్టిన. నోటితోటి అన్నదాన్ని, కాయితం మీదికి వచ్చెటాళ్ళకు భయమైంది.”

“మరి నేను కాదని ఆయనకు చెప్పకపోయినవా?”

“చెప్తే ఇంకొకళ్ళ కోసం ఎతుకుతడు గద. ఎవలన్నది నాకెరుకనే. నువ్వు అడుగకు, నేను చెప్ప.”

పెద్దపిల్ల పెళ్ళీడుకు వచ్చింది, చిన్నది బడికి పోతోంది, ఊరికి తిరిగి పోదామంటే అక్కడ సేద్యం అన్నదమ్ములది. ఇవేవీ చిన్నమ్మ అనలేదు, నాకే వరుసగా తోచాయి. నేను ఏడవడం మొదలుపెట్టాను. లోపల బియ్యం ఏరుతున్న అత్తగారు అంతా వింటూనే ఉంది. చేట పక్కన పెట్టి వచ్చి నా ముందు నిలబడింది.

“రాసిన చెయ్యి నీదే గద. ఇంట్ల కూసోని ఏడిస్తె ఏమైతది? సాబు వచ్చినంక పోయి ఉన్నదున్నట్టు చెప్పు. నీ నౌకరి పోతదా, పోనీ,” అని, చిన్నమ్మను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి అన్నం పెట్టింది.

రెండు రోజులకు ఆఫీసరు వచ్చాడు. ఆయన ముందు నిలబడి జరిగినదంతా చెప్పాను, చిన్నమ్మ నాకేమవుతుందో కూడా చెప్పాను, ఆమె నిండు చెంబు మీద పెట్టిన సంగతి మాత్రం ఆమెను అడక్కుండా చెప్పకూడదని దాచాను. ఆయన కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. నా పట్టిక తెప్పించుకుని, చివరి వరుస మీద వేలు పెట్టాడు. పేరు రాయకపోతే చాలనుకున్నాను, వేలిముద్ర వద్దన్నాను, తెర కట్టించాను, కాని ఆరుగురిలో ఒకరు అని రాస్తే అది పేరు రాసినట్టేనని నీకంటే ముందు నాకు తట్టవలసింది, అన్నాడు. పదిమందికి తక్కువ ఉన్న ఖాతాను ఇకమీద విడిగా చూపించకూడదని, పక్క ఖాతాతో కలిపేయాలని అప్పటికప్పుడు ఒక కాగితం మీద రాసి సంతకం చేశాడు. ముకాదాల దగ్గరున్న ప్రతులన్నీ ఆ సాయంత్రంలోగా వెనక్కు తెప్పించాడు. కాని చదివేసినదాన్ని వెనక్కు ఎలా తెప్పిస్తాం?

నన్ను వెంటబెట్టుకుని మేనేజరు దగ్గరకు వెళ్ళాడు. మేనేజరు చెడ్డవాడు కాదు, యుద్ధపు ఆర్డర్లతో తల మునకలై ఉన్నవాడు. ఆ గదిలో నూటికి ఎనభై మూడుమంది తృప్తిగానే ఉన్నారు కదా, లేని ఒక్కరూ వెళ్ళిపోయారు, ఇప్పుడు నూటికి నూరు, మీ సంఖ్య పెరిగినందుకు మీరు సంతోషించాలి అన్నాడు. అందులో ఆయనకు వేళాకోళమేమీ లేదు. ఆఫీసరు ఎప్పటిలాగే ఒక క్షణం తల వంచి, అలాగైతే మళ్ళీ ఒకసారి అడిగి చూద్దాం, నూరు వస్తే నేను ఈ విషయం మళ్ళీ ఎత్తను అన్నాడు. జవాబులు ముగ్గురం తప్ప ఎవరూ చూడకూడదని కూడా మాట తీసుకున్నాడు.

మరునాడు పొద్దున మళ్ళీ తెర కట్టారు. అయిదుగురు ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. వాళ్ళు ముందుగా ఏమైనా అనుకున్నారా, ఏమీ అనుకోలేదా నాకు తెలియదు. నేను ప్రశ్న మామూలుగానే చదవడానికి ప్రయత్నించాను. మధ్యాహ్నం మేనేజరు గదిలో డబ్బా మూత తీశాం. మేనేజరే కార్డులు ఒక్కొక్కటీ విప్పాడు. ముకాదం ప్రశ్న దగ్గర మొదటిది ఖాళీ చెంబు. రెండోది ఖాళీ చెంబు. మూడోది విప్పేటప్పుడు ఆయన ఆఫీసరు వైపు చూశాడు. అయిదూ ఖాళీ చెంబులే. నాలుగూ మూడో వంతు ఉన్న సగటు ఒకటికి వచ్చింది, అంతకంటే కిందికి దిగడానికి ఆ కార్డులో చోటు లేదు. మేనేజరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, మొదటిసారి వీళ్ళు అబద్ధం చెప్పారా అని అడిగాడు. భయం చెప్పారు, ఇప్పుడు కోపం చెబుతున్నారు, రెండింటి నడుమ ఏం జరిగిందో మనకు తెలుసు, అన్నాడు ఆఫీసరు. ఆ అయిదు కార్డులనూ ఆయన ముందే చింపి పొయ్యిలో వేయించాడు. అయిదుగురూ ఒకే మాట చెప్పారు కాబట్టి వాళ్ళలో ఎవరినీ విడిగా పట్టుకోవడానికి లేదు, అందరినీ తీసేస్తే పత్తి చెత్త ఏరేవాళ్ళుండరు.

వారం తిరక్కుండా చిన్నమ్మను మళ్ళీ పిలిచారు. ఆ గదికి కాదు, కండెల ఖాతాకు. ముకాదాన్ని మూటల గోదాముకు మార్చారు, అతని కింద మనుషులెవరూ లేకుండా. ఎవరూ ఎవరినీ క్షమించమని అడగలేదు, ఆ రోజుల్లో అలాంటి అలవాటు లేదు. నేనొక్కదాన్నే చిన్నమ్మ ఇంటికి పోయి కాళ్ళమీద పడబోతే, “గదేం పని, లెవ్వు,” అని కసిరి, చిన్నదాని లెక్కల పలక నా చేతికిచ్చి భాగహారం నేర్పమంది.

మొత్తం మిల్లు సంఖ్య మాత్రం మారలేదు. నేను కొత్త కార్డులను మనసులోనే పాత కుప్పలో కలిపి చూశాను. దాదాపు వెయ్యిమందిలో అయిదుగురు ఎన్ని ఖాళీ చెంబులు చూపించినా అరవై అరవైగానే ఉంది. హైదరాబాదులోని పెద్దలు దాన్ని చూసి తృప్తిపడ్డారని తర్వాత తెలిసింది.

మరుసటి ఏడు కార్డులు అచ్చు వేయలేదు. ఆఫీసరు బొంబాయి వెళ్ళిపోయాడు. పోయేముందు ఆ నియమం రాసిన కాగితం నాకే ఇచ్చి, దఫ్తరులో భద్రంగా పెట్టమన్నాడు, పెట్టాను. ఆ తర్వాత నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరాను. చిన్నమ్మ పిల్లలిద్దరి పెళ్ళిళ్ళూ అయ్యేదాకా కండెలు చుట్టింది. మొదటిసారి ఖాళీ చెంబు మీద చుక్క పెట్టింది ఎవరో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఆరుగురిలో ఎవరూ ఇప్పుడు లేరు. మిల్లు మూతపడి, దాని గోడల మధ్య తుమ్మచెట్లు మొలిచాయి. ఊరు గడియారాలు చూసుకుని నిద్రలేస్తోంది.

లెక్క మాత్రం పెద్దగా మారలేదని మా మనవరాలు చెప్పిన దాన్నిబట్టి తెలుసుకున్నాను. అవే అయిదు మెట్లు, అదే భాగహారం, జవాబివ్వని వాళ్ళను వదిలేయడం, పై రెండు మెట్ల వాళ్ళను తృప్తి కింద కట్టడం. అప్పుడు నాకు నెల పట్టినది ఇప్పుడు యంత్రం రెప్పపాటులో చేస్తుంది, నాలా తిరగేసిన ప్రశ్నను మరిచిపోదు, ముత్యాల్లాంటి అక్షరాల కోసం తొందరపడదు. లెక్కగట్టేవాళ్ళకు చుక్క పెట్టినవాళ్ళు ఎవరూ కారు, చిన్నమ్మలు అసలే కారు. అది మంచిదేనని నిజంగానే అనుకుంటాను. కాని తెర ఇవతల నేను ప్రశ్న చదివాక, అవతల పుల్ల నీలిమందులో మునిగిన చప్పుడు వినిపించేది. తర్వాత గాజులు కదిలేవి. కదిలి ఆగిపోయేవి. ఒక్కోసారి ఎంతసేపటికీ కదిలేవి కావు, ఆ మనిషి ఏ చెంబు దగ్గర ఆగిందో, ఎవరిని తలుచుకుంటోందో తెలియక నేను చెవి ఒగ్గి కూర్చునేదాన్ని. చివరికి పడిన చుక్కనే మేము కూడుకునేవాళ్ళం. ఆ తటపటాయింపును రాసుకోవడానికి అప్పటి కార్డులోనూ గడి లేదు. ఇప్పుడైతే దాన్ని వినడానికి ఇవతల ఎవరూ కూర్చోవడం లేదు.